ఉడకని తెల్లచుక్క

పొట్ట చీలిస్తే
సగ్గుబియ్యం.

నిజమండీ,
పాయసంలో ఉడికీ ఉడకని గింజల్లాగే ఉన్నాయి,
కొవ్వుపొరని పట్టుకుని గుత్తులు గుత్తులుగా,
ఒక్కోదాని నడుమ
ఉడకని తెల్లచుక్క.
కాలేయం మీద ఎవరో తుమ్మముల్లుతో
గీసి గీసి వదిలేసిన గీతలు.

పొద్దున్నదాకా గెంతిన జీవమే అది.
రొయ్యల చెరువు మేస్త్రి పోలయ్య
వీపు తడిమి, తొడలు నొక్కి,
రెండుంపావు కేజీలని ముల్లు చూసుకుని మరీ ఒప్పుకున్నాడు.
కోశాక మొహం తిప్పుకున్నాడు.
"పురుగుల కుందేల్ని అంటగట్టావే పిన్నీ!"
ఆ మాట వాడి మోపెడ్ కంటే ముందే
లాకుల దగ్గర టీకొట్టు చేరింది.

పదకొండు గూళ్ళు నావి.
కొబ్బరి నీడన, వెదురు గుంజల మీద,
పెంటికలు కిందికి రాలిపోయేలా ఇనప వల.
డ్వాక్రా అప్పు ఇంకా ఏడు వాయిదాలుంది.
రోజూ నీళ్ళు మార్చాను. గూళ్ళకి సున్నం కొట్టాను.
చెవి గజ్జికి వేపనూనె రాశాను.
వాన పడితే పరదా కట్టి
నేను తడిశాను.
ఇంకేం చెయ్యాలి?

వైనతేయ మీద పంటు దాటి
స్కూటీ మీద పెర్సిస్ డాక్టరమ్మ వచ్చింది,
కుచ్చిళ్ళ నిండా బురద.
గూళ్ళ వైపు చూడనైనా లేదు.
"కుక్క ఉందా?" అంది.

నవ్వొచ్చింది నాకు.
కోడికి తెగులొస్తే
నక్క క్షేమం అడిగినట్టు!
ఉన్నాడండీ, బంట్రోతు.
గడ్డికెళ్తే నా కొడవలి వెనకాలే నడుస్తాడని ఆ పేరు.
నేను గట్టు మీద గరిక కోస్తుంటే
వాసన చూసుకుంటూ తిరుగుతాడు,
ఓ చోట నడుం వంచి కూర్చుంటాడు.
మర్యాదకి నేను కాలువ వైపు తిరుగుతాను.

డాక్టరమ్మ పెంకుముక్క తీసుకుని
గచ్చు మీద సున్నా చుట్టడం మొదలెట్టింది.
కుందేలు పేగులు కుక్కకి వేస్తావు.
వాడి కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది.
దాని గుడ్లు గట్టు మీద గడ్డికి.
గడ్డి నీ తట్టలోకి.
తట్ట గూటి ముందుకి.
సున్నా మూసుకుంది.

మళ్ళీ చూశాను.
దాని చుట్టూరా ఎక్కడ వేలు పెట్టినా
నా చెయ్యే తగులుతోంది.
వృథాగా పారెయ్యడమెందుకని
వెచ్చవెచ్చగా ఆకులో వేసి
పేరు పెట్టి పిలిచి మరీ తినిపించాను కదా.

"మనుషులకి అంటదిలే, ఇది" అని
బిళ్ళ రాసిచ్చింది.
ఉడికిన చేపముక్కలో దాచి మింగించాను.
ఇప్పుడు పేగులన్నీ కొబ్బరి మొదట్లో మూడడుగుల లోతున,
పైన బండరాయి.
బంట్రోతు దాని పక్కనే పడుకుంటున్నాడు,
ఎప్పటికైనా ఆఫీసు తెరుస్తారని.

పెరట్లో పిల్లిపెసర జల్లి
చుట్టూ పాత చేపలవల కట్టాను.
కానీ ఆ గట్టు అవతలి ఊరిదాకా ఉంది.
పేరు లేని కుక్కలన్నీ దాని మీదే.
వాటికెవరు వేస్తారు బిళ్ళ?

ఆరో గూట్లో చూలుకుందేలు
రొమ్ము మీది బొచ్చు తనే పీక్కుని
పిల్లలకి పక్క పరుస్తోంది.
దాని కడుపులో పిల్లలున్నాయి సరే,
వాటి పక్కన ఇంకేమున్నాయో
పైకి తెలీదు.
కళ్ళు మాత్రం నేరేడుపళ్ళే.

రాత్రి గుమ్మంలో కూర్చుంటే
బంట్రోతు వచ్చి నా చెయ్యి నాకాడు.
అంటదని తెలుసు.
తెలిసీ లేచాను,
బోరింగు కొట్టుకుని
మోచేతిదాకా తోముకున్నాను.

తిరిగి చూస్తే
వాడక్కడే నిలబడి ఉన్నాడు,
తోక ఊపాలో వద్దో
ఇంకా తేలనట్టు.